పంజాగుట్టలో లంగరేసిన ఓడ

"మీరేనా వాన రాసింది?"

విక్రమ్ తలెత్తి చూశాడు. ఎదురుగా నిలబడిన అమ్మాయి తల నుంచి చెప్పుల దాకా తడిసి ఉంది. చున్నీ కొసల నుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కడుతున్నాయి. చేతిలో కాగితాలు మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా, పొడిగా ఉన్నాయి.

"ఏం వాన?" అన్నాడు.

"మంగళవారం మధ్యాహ్నం రెండు పది నుంచి నాలుగు ఇరవై దాంక కాకినాడల వాన పడ్డది, లోడింగ్ బంద్ అయింది అని రాసిన్రు. అబద్ధం. ఒక్క చుక్క సుత పడలే."

కిటికీ అవతల పంజాగుట్ట చౌరస్తా మీద జులై వాన దంచికొడుతోంది. ఫ్లైఓవర్ కింద బండ్ల వాళ్ళంతా ఆగిపోయి ఆకాశం వైపు దిగులుగా చూస్తున్నారు. అంత వానలో రోడ్డు దాటి, మూడంతస్తులు ఎక్కి, వాన పడలేదని వాదించడానికి వచ్చిన మనిషిని విక్రమ్ తన ఇరవై ఏడేళ్ళ జీవితంలో చూడలేదు.

"టవల్ ఇయ్యాల్నా మేడమ్?"

"టవల్ వద్దు. సంతకం గావాలె. వాన పడలేదని."

"మీరెవరో సుత చెప్పలే."

"నిరోష. ఎదురు బిల్డింగుల షిప్పింగ్ ఏజెన్సీ. రోజు పొద్దుగాల మీకు 'డియర్ సర్, వి డిసగ్రీ' అని మెయిల్ పెట్టేది నేనే."

"ఆ డిసగ్రీ మీరేనా!" విక్రమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆరు నెలలుగా ఆ మెయిళ్ళు రాసేది యాభై ఏళ్ళు దాటి, మీసాలు పెంచి, అజీర్తితో బాధపడే మగమనిషని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంత అందంగా కూలిపోతుందని అనుకోలేదు.

హైదరాబాదుకు సముద్రం లేదన్న సంగతి అందరికీ తెలుసు. అయినా కాకినాడ తీరంలో ఆగిన బియ్యం ఓడల తగాదాలు కొన్ని పంజాగుట్టలోనే తెగుతుంటాయి. బియ్యం కొని ఆఫ్రికాకు పంపే కంపెనీలో విక్రమ్ పని చేస్తాడు. ఆ బియ్యం మోసుకుపోయే ఓడల తరఫున మాట్లాడే ఏజెన్సీలో నిరోష పని చేస్తుంది. పెద్ద ఓడ ఒడ్డు దాకా రావడం కుదరదు. నాలుగైదు మైళ్ళ అవతల లంగరేసి నిలబడుతుంది. బార్జీలనే బల్లపరుపు పడవలు బస్తాలను దాని దగ్గరికి మోసుకెళ్ళాలి. ఇన్ని రోజుల్లో నింపి పంపాలని ఒప్పందం ఉంటుంది. గడువు దాటితే బియ్యం వాళ్ళు ఓడ వాళ్ళకు జరిమానా కట్టాలి. వాన పడితే బియ్యం తడవకుండా ఓడ మూతలు మూసేస్తారు. ఆ ఆగిన గంటలు గడువు లెక్కలోకి రావు. కాబట్టి వాన పడితే బియ్యం వాళ్ళకు హాయి, పడకపోతే ఓడ వాళ్ళకు హాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే వాన కురిపించడం విక్రమ్ ఉద్యోగం, దాన్ని ఆపడం నిరోష ఉద్యోగం.

విక్రమ్ ఊరుకునే రకం కాదు. కాకినాడ గోదాములో తమ మనిషి జోగారావుకు ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు.

"జోగారావు గారూ, మంగళవారం వాన పడ్డదా, లేదా?"

"ఏంటండీ విక్రమ్ గారూ, అలా అడుగుతారు! కుండపోతండీ బాబూ. బార్జీల మీద టార్పాలిన్లు కప్పలేక మా వాళ్ళు నానా అగచాట్లూ పడ్డారండీ. నా గొడుగు కూడా ఎగిరిపోయిందండీ."

"విన్నరు గదా?" అన్నాడు విక్రమ్ గర్వంగా.

నిరోష తన ఫోన్ తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇది ఓడ మీద తీసిన ఫొటో. అదే మంగళవారం, మూడు గంటలకు. ఏం కనవడుతుంది?"

డెక్ మీద తాడు కట్టి ఉంది. దాని మీద ఎనిమిది షర్టులు, నాలుగు ప్యాంట్లు ఆరేసి ఉన్నాయి. ఓడ వంటవాడు ఎండకు కళ్ళు చిట్లించి నవ్వుతున్నాడు.

"వానల ఎవరన్నా బట్టలు ఎండేస్తరా?"

"వేరే దేశపోళ్ళు గదా. అలవాటేమో."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినదాన్ని ఆపుకొంది. ఆపుకునేటప్పుడు ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. ఆ సొట్ట చూశాక విక్రమ్‌కు మంగళవారం వాన మీద ఆసక్తి బాగా తగ్గిపోయింది.

పక్క టేబుల్ నుంచి హనుమాండ్లు లేచి వచ్చాడు. ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా ఉన్న హెడ్ క్లర్కు. ఎవరి గొడవైనా చాయ్ చల్లారకముందే తేల్చడం ఆయనకు సరదా.

"వాన ఒడ్డు మీద పడ్డది. నీళ్ళ మీద పడలే. ఇద్దరు నిజమే చెప్తున్రు. చెరి సగం చేసుకోండ్రి, ఇగ చాయ్ తాగుండ్రి."

అలా ఆ రోజు వానను చెరి సగం పంచుకున్నారు. గంటా ఐదు నిమిషాలు పడింది, గంటా ఐదు నిమిషాలు పడలేదు. నిరోష సంతకం చేయించుకుని, చాయ్ తాగి, మళ్ళీ అదే వానలోకి దిగింది.

"మేడమ్, గొడుగు!" అని విక్రమ్ మెట్ల దాకా పరుగెత్తాడు.

"ఎందుకు? మీరు కురిపిస్తరు, నేను ఆపుకుంట," అంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏమయిందంటే, పెద్దగా ఏమీ కాలేదు. కథ రాసేవాళ్ళకు ఇలాంటి కుర్రాళ్ళతో మహా ఇబ్బంది.

సాయంత్రం ఆరున్నరకు నిరోష ఆఫీసు దిగేది. సరిగ్గా అదే నిమిషానికి విక్రమ్ కూడా రోడ్డుకు ఇవతల దిగేవాడు. ఇద్దరూ అమీర్‌పేట వైపే వెళ్ళాలి. అక్కడ నుంచి ఆమె మధురానగర్‌కు, అతను సనత్‌నగర్‌కు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో రెండు నిమిషాలు. నడిస్తే మెల్లగా అరగంట. నడక ఆరోగ్యానికి మంచిదని విక్రమ్ ఆ జులైలోనే కనిపెట్టాడు.

నడుస్తున్నంతసేపూ ఓడల ముచ్చట్లే. ఏ ఓడ నిండింది, ఏది లంగరేసి ఎదురుచూస్తోంది, ఏ కెప్టెన్ ఎవరి మీద కోపంగా ఉన్నాడు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, కరపత్రాలు పంచేవాళ్ళను తప్పించుకుంటూ, ఆఫ్రికా రేవుల పేర్లు మాట్లాడుకుంటూ పోయే ఈ జంటను చూసి జనం ఏదో కొత్త కోర్సు అనుకునేవారు.

"నువ్వు సముద్రం చూసినవా?" అని ఒకరోజు అడిగింది నిరోష. అప్పటికి 'మీరు' ఎప్పుడో పోయింది.

"ఫోన్ల చూసిన."

"నేను సుత గంతే. మూడేండ్ల నుంచి ఓడల మీద రాస్తున్న. ఏ ఓడల ఎన్ని గదులో, ఎన్ని క్రేన్లో నిద్రల లేపి అడిగినా చెప్త. ఒక్కదాన్ని చెయ్యి పెట్టి ముట్టలే. నేను చూసిన పెద్ద నీళ్ళంటే హుస్సేన్ సాగరే."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. కానీ కళ్ళలో నవ్వు లేదు. విక్రమ్‌కు ఆ క్షణాన ఆమె అంటే ఎంత ఇష్టమో తెలిసింది. వెంటనే చెప్పేయాలనిపించింది. "మిర్చి బజ్జి తిందామా?" అన్నాడు.

ఇదంతా హనుమాండ్లు గమనిస్తూనే ఉన్నాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూ అన్నాడు:

"అరే విక్రమ్, ఓడ వచ్చి లంగరేస్తే పని అయిపోయినట్టేనా?"

"ఎట్లయితది అన్నా? కెప్టెన్ నోటీసు ఇయ్యాలె. 'వచ్చిన, అన్ని తీర్ల సిద్ధంగున్న' అని."

"నోటీసు ఇయ్యకుంటే?"

"ఏడాది నిలవడ్డా లెక్కల రాదు. వచ్చినట్టు ఎవ్వరికి తెల్వనట్టే."

"గంతే కదా," అని హనుమాండ్లు పప్పన్నం కలుపుకున్నాడు. "నువ్వు జులైల లంగరేసినవ్."

విక్రమ్‌కు పొలమారింది.

మార్చి మూడో వారంలో కథ కదిలింది. విక్రమ్ వల్ల కాదు, నిరోష వల్ల.

"ఒకటో తారీకు నుంచి నాకు కాకినాడల డ్యూటీ," అంది అమీర్‌పేట మలుపు దగ్గర ఆగి. మొహం వెలిగిపోతోంది. "లాంచ్ ఎక్కి ఓడ మీదికి పోవాలె. కెప్టెన్‌ను కలిసి కాగితాలు తీసుకోవాలె. మా కంపెనీల ఈ పని ఇప్పటిదాంక ఆడపిల్లకు ఇయ్యలే. నేనే అడిగిన, మూడుసార్లు. ఇచ్చిన్రు!"

"మస్తు సంగతి," అన్నాడు విక్రమ్. అనగలిగినందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

"గంతేనా?"

"కంగ్రాట్స్."

నిరోష అతని మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. ఏదో వినడానికి నిలబడినట్టే ఉంది. తర్వాత మధురానగర్ వైపు మెట్రో ప్లాట్‌ఫారం మెట్లెక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె లేని ఆరున్నర ఎలా ఉంటుందో విక్రమ్‌కు మొదటిసారి అర్థమయింది. భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి, కంప్యూటర్ తెరిచి, కెప్టెన్లు ఇచ్చే నోటీసు నమూనా ముందు పెట్టుకుని టైపు చేశాడు. ప్రింటు తీసి, రోడ్డు దాటి, నిరోష టేబుల్ మీద పెట్టాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం సారాంశం ఇదీ:

"నిరోష గారికి. ఎంవీ విక్రమ్ అనే ఓడ గత జులై పదిహేడో తేదీ మధ్యాహ్నం మూడున్నరకు పంజాగుట్ట చేరి, నాటి నుంచి నేటి వరకు ఇక్కడే లంగరేసి ఉన్నదని తెలియజేయడమైనది. ఓడ అన్ని విధాలా సిద్ధంగా ఉంది. వాన పడినా పని ఆపబడదు. అందినట్లు సంతకం చేసి ఇవ్వగలరు. ఇట్లు, కెప్టెన్, ఎంవీ విక్రమ్."

నిరోష మొదటిసారి చదువుతుంటే సొట్ట పడింది. రెండోసారి చదువుతుంటే ఆ సొట్ట మాయమైంది. ఎర్ర పెన్ను తీసి కాగితం మీద అడ్డంగా రెండు ముక్కలు రాసి అతని చేతికిచ్చింది.

'తిరస్కరించడమైనది. గదులు శుభ్రంగా లేవు.'

విక్రమ్‌కు ఆ రాత అర్థం తెలుసు. బియ్యం నింపేముందు సర్వేయర్ ఓడ గదుల్లోకి దిగి మూలమూలా చూస్తాడు. వెనకటి సరుకు తాలూకు బొగ్గు ధూళి కనిపించినా, తుప్పు రాలినా, పురుగు కనిపించినా ఓడ ఫెయిలు. అప్పుడు కెప్టెన్ ఇచ్చిన నోటీసు చెల్లదు. వరసలో చోటు పోతుందన్న తొందరలో, గదులు కడగకముందే 'సిద్ధం' అని రాసిచ్చే కెప్టెన్లు చాలామంది. అలాంటి వాళ్ళను తిడుతూ విక్రమ్ స్వయంగా ఎన్ని మెయిళ్ళు రాశాడో లెక్క లేదు.

"నా గదులకు ఏమైంది?" అన్నాడు బిక్కమొహంతో.

"మధులత."

విక్రమ్ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోయిన నెల మీ అమ్మ మీ ఆఫీసుకు సర్వపిండి తెచ్చింది, యాదున్నదా? నేను సుత ఆడనే ఉన్న. నాకు ఒక ముక్క పెట్టి, 'మా వాడు మా అన్న బిడ్డ మధులతను చేసుకుంటడు, ఎండకాలంల లగ్గం, నువ్వు తప్పకుండ రావాలె బిడ్డా' అని పిలిచింది. అప్పటి నుంచి రోజు నీతోని నడుస్తున్న. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూస్తున్న."

"అది వాళ్ళు అనుకునుడు. చిన్నప్పటి నుంచి గట్లనే అనుకుంటున్రు. నేనెప్పుడు ఔనన్లే."

"కాదన్నవా?"

విక్రమ్ చేతిలోని కాగితాన్ని మడతలు పెట్టసాగాడు.

"చూసినవా," అంది నిరోష. "లోపట వేరే పేరు అట్లనే పెట్టుకొని, అన్ని తీర్ల సిద్ధం అని రాసిచ్చుడేంది విక్రమ్? ముందుగాల గదులు కడుగు. ఒకటో తారీకు లోపట. కడిగినంక మళ్ళ నా దగ్గరికి రాకు. మా బాపు దగ్గరికి పో. ఆయన దుకాణం మధురానగర్ల, కూరగాయల సందు మూల మీద. సర్వేయర్ ఆయనే."

ఆ ఆదివారం సనత్‌నగర్‌లో విక్రమ్ తండ్రి రాజనర్సయ్య లేత్ మిషన్ మీద ఏదో ఇనుప కడ్డీ చెక్కుతుండగా కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బుచ్చమ్మ అప్పుడే భర్తకు అన్నం డబ్బా తెచ్చింది.

"బాపూ, నేను మధులతను చేసుకోను."

రాజనర్సయ్య మిషన్ ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. "ఈ లగ్గం ముచ్చట ఎన్నడు మొదలైందిరా?"

"నేను పుట్టినప్పుడు."

"అంటే ఇరవై ఏడేండ్ల నుంచి నీకు నోరు లేదా?"

"ఉన్నది బాపూ. తెరవలే. అమ్మ బాధపడ్తదని."

"ఇప్పుడు బాధపడ్తలేనా?" అంటూ బుచ్చమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా అన్నకు ఏ మొహం పెట్టుకొని చెప్పాలె?"

"నువ్వు చెప్పకు," అన్నాడు రాజనర్సయ్య. "వాడే పోయి చెప్తడు. సక్కగ నిలవడి చెప్తే మనోడు. లేకుంటే గా ఎండకాలం లగ్గానికి తల వంచుకొని కూసుంటడు." ఆయన మళ్ళీ మిషన్ వేశాడు. చప్పుడులో ఇంకో మాట వినిపించింది. "పిల్ల ఎవరో తర్వాత అడుగుత."

మేనమామ సిద్ధిరాములు ఇల్లు మూసాపేటలో. అల్లుడొచ్చాడని కూల్‌డ్రింక్ తెప్పించాడు. మధులతను చేసుకోననీ, మనసులో వేరే పిల్ల ఉందనీ విన్నాక గ్లాసు విక్రమ్ ముందు నుంచి తీసి లోపల పెట్టించాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇగ పో," అని మాత్రం అన్నాడు.

గేటు దగ్గర మధులత ఎదురొచ్చింది. లోపల జరిగిందంతా విన్నదని మొహమే చెబుతోంది.

"నా మీద ఫికర్ పెట్టుకోకు బావా. నాకు నీ మీద ప్రేమ గీమ ఏం లేదు."

విక్రమ్ హమ్మయ్య అనుకోబోయాడు.

"గని ఒక్క మాట," అందామె. "రెండేండ్ల కింద నాకు పుణెల నౌకరి వచ్చింది. 'ఇగ లగ్గమే గదా, అంత దూరం ఎందుకు బిడ్డా' అని మా బాపు వద్దన్నడు. నువ్వు గప్పుడే కాదని ఉంటే నేను పోదును."

విక్రమ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. తను నోరు మూసుకుని కూర్చున్నది మంచితనమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ మంచితనం ఈ పిల్ల ఉద్యోగం మింగేసిందని తెలియదు. "తప్పు చేసిన మధూ," అన్నాడు.

"చేసినవ్. ఇంకో నౌకరి వస్తది, చూసుకుంట. గా పిల్లకు సుత గిట్ల చెయ్యకు."

మార్చి ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం, విక్రమ్ మధురానగర్ సందు మూల మీద ఉన్న టైలర్ దుకాణం ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి లోపలికి అడుగుపెట్టాడు.

నిరోష తండ్రి కమలాకర్ సిరిసిల్లలో మగ్గం వదిలి, పాతికేళ్ళ కిందట కుట్టు మిషన్‌తో ఇక్కడికి వచ్చినవాడు. సన్నటి మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివర ఉంటాయి, టేపు మెడలో ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్ కావడంతో గల్లాబల్ల మీద బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మూడు రోజులుగా సరిగ్గా తిండి తినని ఒక కుర్రాడు గుమ్మంలో బిగుసుకుని నిలబడితే, ఆయనకు గిరాకీ తప్ప ఇంకేమీ తోచలేదు.

"షర్టేనా? చేతులు లేపు," అన్నాడు.

విక్రమ్ లేపాడు. పెద్దవాళ్ళు చెప్పిన పని చేయడం అతనికి చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు.

"ఛాతి ముప్పై ఎనిమిది," అని కమలాకర్ పుస్తకంలో రాసుకున్నాడు. "నౌకరా, బిజినెస్సా?"

"నౌకరి. పంజాగుట్టల. బియ్యం ఓడల పని."

"ఓడలా! మా బిడ్డది సుత ఓడల పనే." టేపు మెడ చుట్టూ వచ్చింది. "మెడ పదిహేను. షర్టు ఎన్నడు గావాలె?"

"నేను షర్టు కోసం రాలే సార్. నిరోష కోసం వచ్చిన."

టేపు అక్కడే ఆగింది. వదులు కాలేదు. లోపలి గదిలో గుండీల డబ్బా కింద పడి, గుండీలు గలగలా దొర్లిన చప్పుడు వినిపించింది.

"నువ్వేనా విక్రమ్?" అన్నాడు కమలాకర్. టేపు పట్టుకునే ఉన్నాడు.

"అవును సార్. మా ఇంట్ల చెప్పిన. మా మేనమామకు సుత చెప్పిన. ఇగ ఎవ్వరికి ఏం దాచలే. నాకు నిరోష అంటే ప్రాణం. ఈ మాట నోరు తెరిచి ఆమెకంటే ముందుగాల మీకే చెప్తున్న. ఎనిమిది నెలలు అయింది."

"మీరు మా వాళ్ళు కాదు."

"కాదు."

"అది తర్వాత." కమలాకర్ టేపు తీసి మెడలో వేసుకుని, స్టూలు జరిపి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. తగ్గించినా లోపలికి వినిపిస్తుందని ఆయనకూ తెలుసు. "చూడు బిడ్డా. ఎల్లుండి నుంచి ఇది సముద్రంల పని చేస్తదట. లాంచ్ నుంచి ఓడ మీదికి తాళ్ళ నిచ్చెన ఎక్కాలెనట. మా బిడ్డ మెట్రోల ఎస్కలేటర్ ఎక్కనీకే నా చెయ్యి పట్టుకునేది. వారం నుంచి నాకు నిద్ర లేదు. నేను చెప్తే ఇంటలేదు. నువ్వు చెప్పు. 'పోకు, ఈడనే ఉండు, పెళ్ళి చేసుకుందాం' అని నువ్వు చెప్తే ఆగుతది. ఆపినవంటే, మావాళ్ళు మీవాళ్ళు అని నేను ఒక్క మాట అనను. ఇయ్యాలనే ఔనంట."

విక్రమ్‌కు కావలసిందంతా ఒక్క మాట దూరంలో ఉంది. ఆ మాట అంటే ఆరున్నర మళ్ళీ ఆరున్నర అవుతుంది. నడక ఉంటుంది, నవ్వు ఉంటుంది, నిరోష ఇక్కడే ఉంటుంది. ఆ మాట అనడం ఎంత తేలికో, అనకుండా ఉండటం ఎంత కష్టమో అతనికి ఒళ్ళంతా తెలిసింది. మూసాపేట గేటు దగ్గర నిలబడిన పిల్ల మొహం గుర్తొచ్చింది.

"నేను ఆపను సార్," అన్నాడు.

"ఏందీ?"

"మూడేండ్ల నుంచి ఆమె ఓడల సంగతులు రాస్తుంది. ఒక్క ఓడ చూడలే. మూడుసార్లు అడిగి తెచ్చుకున్నది ఈ పని. నేను పోకు అంటే ఆగుతదేమో. ఆగితే నాకు జీవితాంతం సిగ్గు. మీకు భయమైతే నాకు సుత భయమే. ఇద్దరం కలిసి భయపడుదాం. గని పోనియ్యుండ్రి."

"అయితే నేను ఔననను."

"మీ ఇష్టం సార్. మళ్ళ వస్త. ఔననేదాంక వస్త."

కమలాకర్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. గుడ్డ నాణ్యం చూసేటప్పుడు చూసే చూపు అది. తర్వాత కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు. ఆ తుడవడం చాలాసేపు సాగింది.

"ఆపేటోడైతే బాగుండు అనుకున్న," అన్నాడు చివరికి. "నా బిడ్డ ఇష్టం కోసం నా ఔనును సుత వద్దంటివి. గసుంటోన్ని నేనెట్ల వద్దంట బిడ్డా?" కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మీ బాపును తోలుకొని రా. లగ్గం బట్టలకు ఆయన కొలతలు సుత తీస్త. సీజన్ల నా దగ్గర తొందర పెట్టొద్దు, రెండు నెలల ముందే చెప్పాలె."

విక్రమ్ తన చేతులు ఇంకా సగం పైకే ఉన్నాయని అప్పుడు గమనించి దించుకున్నాడు.

లోపలి గుమ్మంలో నిరోష నిలబడి ఉంది. గుప్పిట్లో ఏరుకున్న గుండీలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బుగ్గ మీద సొట్ట పూర్తిగా పడింది, ఈసారి దాన్ని ఆపుకోవడానికి ఏమాత్రం ప్రయత్నించలేదు.

"బాపూ, ఆ షర్టు జర లూజ్ పెట్టు," అంది.

"ఎందుకే?"

"రెండు వారాలకొక్కసారి కాకినాడకు రావాలె గదా. ఆడ చేపల పులుసు మస్తుంటదట. లావైతడు."

"నేను చేపలు తినను," అన్నాడు విక్రమ్. ఉన్న మాట ఉన్నప్పుడే చెప్పేయడం అతనికి కొత్తగా అలవాటవుతోంది.

"తింటవ్," అంది నిరోష.

కమలాకర్ ఇద్దరినీ ఒకసారి చూసి, పుస్తకం తెరిచి, నడుము దగ్గర రెండు అంగుళాలు కలిపి రాసుకున్నాడు.